వాతావరణ ఉపగ్రహాలు, భూమి శక్తి కొలతలు

వాతావరణ ఉపగ్రహం భూమి నుంచి అంతరిక్షంలోకి వెళ్ళే వెలుతురునూ వేడినీ కొలుస్తుంది. ఆ కొలతల నుంచి మేఘాలు, ఉష్ణోగ్రత, తేమ, గాలి, వాన వివరాలు రాబడతారు. అందులో థర్మామీటరు గానీ వానమాపకం గానీ ఉండవు. దానికి అందేది వికిరణం ఒక్కటే, తక్కినదంతా భౌతికశాస్త్రం, గణితం కలిసి చేసే పని. ఈ కొలతలు రెండు రకాల అవసరాలు తీరుస్తున్నాయి. రేపు తుపాను ఎక్కడ తీరం దాటుతుందో చెప్పడం మొదటిది. ముప్పై ఏళ్ళలో భూమి ఎంత వేడెక్కిందో తేల్చడం రెండోది. మొదటి పనికి సమాచారం నిమిషాల్లో చేరాలి, కొలతలో కాస్త తేడా ఉన్నా పెద్దగా నష్టం లేదు. రెండో పనికి తొందర లేదు గానీ, పరికరం ఏళ్ళ తరబడి ఏమాత్రం మారకుండా నిలవాలి. ఈ రంగంలో వచ్చిన కొత్త పరిజ్ఞానంలో చాలా భాగం ఈ రెండిటిలో ఏదో ఒకదాని కోసం పుట్టిందే.

తొలి అడుగులు

మొదటి విజయవంతమైన వాతావరణ ఉపగ్రహంగా అమెరికా 1960 ఏప్రిల్ 1న ప్రయోగించిన టైరోస్-1 పేరు చెబుతారు. టెలివిజన్ కెమెరాలతో మేఘాల చిత్రాలు పంపిన ఈ ఉపగ్రహం 78 రోజులు పనిచేసింది. అయితే భూమి శక్తిని కొలిచే ప్రయత్నం అంతకు ఆరు నెలల ముందే జరిగింది. 1959 అక్టోబరులో ఎక్స్‌ప్లోరర్-7 మీద విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన వెర్నర్ సువోమి రూపొందించిన చిన్న రేడియోమీటరు వెళ్ళింది. భూమికి వచ్చే ఎండ, తిరిగి పోయే వేడి మధ్య తేడా ఎంతో చూడాలన్నది ఆయన ఉద్దేశం. 1966 డిసెంబరులో ఏటీఎస్-1 మీద పనిచేసిన స్పిన్-స్కాన్ కెమెరా కూడా సువోమి ఆలోచనే. ఉపగ్రహం తన చుట్టూ తాను తిరిగే ప్రతిసారీ కెమెరా భూమి మీద ఒక గీత మేర చదువుతుంది. గీతలన్నీ పేరిస్తే పూర్తి చిత్రం వస్తుంది. మేఘాలు ఎక్కడ ఉన్నాయో మాత్రమే కాక ఎటు కదులుతున్నాయో కూడా తెలియడం అప్పటి నుంచే మొదలైంది.

కక్ష్యలు

వాతావరణ ఉపగ్రహాలు ముఖ్యంగా రెండు రకాల కక్ష్యల్లో తిరుగుతాయి. ధ్రువ కక్ష్యలోవి సుమారు 800 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా పోతాయి. కింద భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఒక్కో ఉపగ్రహం ప్రతి ప్రాంతాన్నీ రోజుకు దాదాపు రెండుసార్లు చూస్తుంది. దగ్గర నుంచి చూడడం వల్ల వివరం బాగా అందుతుంది. భూస్థిర ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూభ్రమణంతో సమానంగా తిరుగుతూ ఒకే చోటును చూస్తూ ఉంటాయి. తుపాను కదలికను గంట గంటకూ గమనించడానికి ఇవే తగినవి. ధ్రువాలు మాత్రం వీటి చూపుకు ఆనవు.

దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19 నాటికి హిందూ మహాసముద్రంపై భూస్థిర వాతావరణ ఉపగ్రహం ఒక్కటీ లేదు. అమెరికా ధ్రువ ఉపగ్రహాలు వెళుతూ పంపే చిత్రాలే ఆధారం. ఒక చిత్రానికీ తర్వాతి చిత్రానికీ మధ్య గంటలు గడిచేవి. ఆ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. 1990 మేలో దాదాపు అదే తీరాన్ని అంతే తీవ్రమైన తుపాను తాకినప్పుడు మృతుల సంఖ్య వెయ్యిలోపే ఉంది. ఈ ఘనతంతా ఉపగ్రహాలదే అనడం సరికాదు. ముందుగా జనాన్ని తరలించడం, తుపాను షెల్టర్లు, తీర రాడార్లు, వార్త ఊరూరా చేరవేసే ఏర్పాటు, అన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. కానీ తరలింపు మొదలుపెట్టడానికి కావలసిన వ్యవధిని ఇచ్చినవాటిలో అప్పటికి ఆకాశంలో ఉన్న భారత భూస్థిర ఉపగ్రహం ఇన్సాట్-1బీ ఒకటి.

ఇన్సాట్ నుంచి ఇన్సాట్-3డీఎస్ వరకు

టెలివిజన్, టెలిఫోన్, వాతావరణ పరిశీలన మూడింటినీ ఒకే ఉపగ్రహంలో ఇమడ్చడం ఇన్సాట్ తొలి తరం ప్రత్యేకత. డబ్బు ఆదా చేసే ఆలోచనే అయినా దానిలో చిక్కులున్నాయి. 1982 ఏప్రిల్‌లో వెళ్ళిన ఇన్సాట్-1ఏ ఆ ఏడాది సెప్టెంబరుకే పనికిరాకుండా పోయింది. 1983 ఆగస్టు 30న ఛాలెంజర్ షటిల్‌లో వెళ్ళిన ఇన్సాట్-1బీ నిలదొక్కుకుంది. కేవలం వాతావరణం కోసమే భారత్ తయారు చేసిన మొదటి ఉపగ్రహం మెట్‌శాట్. దాన్ని 2002 సెప్టెంబరు 12న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మోసుకెళ్ళింది. కొలంబియా షటిల్ ప్రమాదంలో మరణించిన కల్పనా చావ్లా పేరు మీద 2003లో దాన్ని కల్పన-1గా మార్చారు.

ఇప్పుడు పనిచేస్తున్నది ఇన్సాట్-3డీ కుటుంబం. ఇన్సాట్-3డీ 2013 జులై 26న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి, ఇన్సాట్-3డీఆర్ 2016 సెప్టెంబరు 8న శ్రీహరికోట నుంచి, ఇన్సాట్-3డీఎస్ 2024 ఫిబ్రవరి 17న మళ్ళీ శ్రీహరికోట నుంచే వెళ్ళాయి. మూడో దాని బరువు 2,275 కిలోలు. ఖర్చు పూర్తిగా కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ భరించింది. ఒక్కో ఉపగ్రహంలో చిత్రాలు తీసే 6 చానళ్ళ ఇమేజర్, ఎత్తు వారీ ఉష్ణోగ్రత, తేమ కొలిచే 19 చానళ్ళ సౌండర్ ఉంటాయి. మనుషులు లేని చోట్ల నిలిపిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల రీడింగులను అందుకునే పరికరం, సముద్రంలో ఆపదలో ఉన్న పడవల సంకేతాలను పట్టి చేరవేసే పరికరం వీటికి అదనం.

ఈ ఉపగ్రహాలు ఏడాదికి రెండుసార్లు వెనక్కి తిరుగుతాయి. పరారుణ కాంతిని పట్టే డిటెక్టర్లు బాగా చల్లగా ఉంటే తప్ప సరిగా పనిచేయవు, లేకపోతే తమ వేడినే తాము కొలుచుకుంటాయి. చల్లబరచడానికి ఫ్రిజ్ లాంటి యంత్రం పెట్టకుండా, వేడిని నేరుగా అంతరిక్షపు చలిలోకి వదిలే ఒక పలకను ఉపగ్రహం పక్కన అమరుస్తారు. ఆ పలక మీద ఎండ పడకూడదు. అందుకే ఇన్సాట్-3డీలో సౌరఫలకం రెండో పక్కన మాత్రమే ఉంటుంది. ఆరు నెలలు ఉత్తరాన, ఆరు నెలలు దక్షిణాన ఉండే సూర్యుణ్ణి తప్పించుకోవడానికి ఉపగ్రహాన్ని విషువత్తుల వేళ 180 డిగ్రీలు తిప్పుతారు. ఇన్సాట్-1 తరంలో ఈ పద్ధతి లేదు. ఒక పక్కనే ఉన్న సౌరఫలకం మీద ఎండ ఒత్తిడికి ఉపగ్రహం పక్కకు తిరగకుండా రెండో పక్క పొడవాటి బూమ్ చివర ఒక సౌరతెరచాప బిగించేవారు. ఇన్సాట్-1ఏలో ఆ తెరచాప విచ్చుకోలేదు. దిశ నిలబెట్టడానికి ఇంధనం ఎక్కువగా ఖర్చయి ఉపగ్రహం ఆయువు ముందే తీరింది.

ఇమేజర్ చూసేదేమిటి

ఇమేజర్‌లో కంటికి కనిపించే కాంతి చానల్ ఒక కిలోమీటరు వివరంతో, ఉష్ణ పరారుణ చానళ్ళు 4 కిలోమీటర్ల వివరంతో, నీటి ఆవిరి చానల్ 8 కిలోమీటర్ల వివరంతో చూస్తాయి. దృశ్యకాంతి చిత్రం పగలే పనికొస్తుంది. 10.8 మైక్రోమీటర్ల చుట్టూ ఉన్న పరారుణంలో రాత్రీపగలూ ఒకటే. ఎత్తైన మేఘం పైభాగం చల్లగా, కింది సముద్రం వెచ్చగా కనబడుతుంది. ఉష్ణోగ్రత తెలిస్తే మేఘం ఎంత ఎత్తుకు పెరిగిందో అంచనా వేయవచ్చు. రాత్రి పొగమంచును పట్టాలంటే ఒక చానల్ చాలదు, ఎందుకంటే మంచు ఉష్ణోగ్రత నేల ఉష్ణోగ్రతకు దగ్గరగానే ఉంటుంది. అయితే మంచు బిందువులు 3.9 మైక్రోమీటర్ల దగ్గర 10.8 దగ్గర కన్నా తక్కువగా వికిరణం చేస్తాయి. రెండు చానళ్ళ తేడా తీస్తే మంచు పట్టిన ప్రాంతం బయటపడుతుంది. ఢిల్లీ విమానాశ్రయానికి చలికాలంలో ఇది ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

తుపాను బలాన్ని చిత్రం చూసి అంచనా వేసే పద్ధతిని 1970ల మొదట్లో అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ డ్వోరాక్ రూపొందించారు. మేఘాల చుట్ట ఎన్ని మలుపులు తిరిగింది, కేంద్రం మేఘాల కింద దాగిందా బయట ఉందా, కన్ను ఏర్పడిందా, కన్ను వెచ్చదనానికీ చుట్టూ ఉన్న మేఘాల చల్లదనానికీ తేడా ఎంత అన్నవి చూసి 1 నుంచి 8 దాకా ఒక టీ-సంఖ్య ఇస్తారు. భారత వాతావరణ శాఖ బులెటిన్లలో టీ 2.5కి చేరితే తుపాను, టీ 4.0కి చేరితే అతి తీవ్ర తుపాను. విమానాలు తుపానులోకి వెళ్ళి గాలిని కొలిచే ఏర్పాటు బంగాళాఖాతంలో మామూలుగా లేదు. కాబట్టి ఇప్పటికీ ఈ పాత పద్ధతే ఇక్కడ ముఖ్యమైన ఆధారం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలోని డాప్లర్ రాడార్ కూడా దెబ్బతింది. తీరంలో ఉన్న పరికరానికి తుపాను తగిలితే ఆ ముప్పు తప్పదు. ఆకాశంలో ఉన్నదానికి అది లేదు.

పై నుంచి కిందికి: సౌండర్లు, గాలి, వాన

వాతావరణంలో ఏ ఎత్తులో ఎంత వేడి ఉందో పై నుంచి చూసి చెప్పవచ్చని 1959లో శాస్త్రవేత్త లూయిస్ కప్లాన్ సూచించారు. కార్బన్ డయాక్సైడ్ 15 మైక్రోమీటర్ల దగ్గర పరారుణాన్ని గట్టిగా పీల్చుకుంటుంది. సరిగ్గా ఆ తరంగం దగ్గర చూస్తే వాతావరణం పై పొరల వేడి మాత్రమే బయటికి వస్తుంది. కొంచెం పక్కకు జరిగితే పీల్చుకోవడం తగ్గి కింది పొరలు కనబడతాయి. ఇలా చానల్ తర్వాత చానల్ పేర్చి ఎత్తు వారీ ఉష్ణోగ్రత పట్టిక తయారు చేస్తారు. 1969లో నింబస్-3 దీన్ని మొదటిసారి చేసి చూపింది. పరారుణం దట్టమైన మేఘాన్ని దాటి రాలేదు. ఆ లోటు మైక్రోవేవ్ సౌండర్లు కొంతవరకు తీరుస్తాయి. ఆక్సిజన్ 50–60 గిగాహెర్ట్జ్ మధ్య ఉష్ణోగ్రతనూ, నీటి ఆవిరి 183 గిగాహెర్ట్జ్ దగ్గర తేమనూ తెలుపుతాయి.

కొత్తగా వచ్చిన పద్ధతుల్లో చవకైనదీ నమ్మకమైనదీ జీపీఎస్ సంకేతాలు వంగడాన్ని కొలవడం. ఒక జీపీఎస్ ఉపగ్రహం భూమి అంచు వెనక్కి దిగుతున్నప్పుడు దాని సంకేతం వాతావరణం గుండా వచ్చి కొంచెం వంగుతుంది, ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం నుంచి గాలి సాంద్రత, ఉష్ణోగ్రత తేలతాయి. ఇక్కడ కొలిచేది కాలం. అణుగడియారం కాలాన్ని తప్పకుండా కొలుస్తుంది కాబట్టి పరికరం పాతబడినా కొలత పాడవదు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2018లో పంపిన ఏయోలస్ మరో దారి తొక్కింది. అతినీలలోహిత లేజరును కిందికి వదిలి, గాలిలోని అణువులు, ధూళి నుంచి తిరిగివచ్చే కాంతి రంగులో మార్పును బట్టి గాలి వేగాన్ని నేరుగా కొలిచింది. 2023 జులైలో దాన్ని అదుపులో ఉంచుతూ వాతావరణంలోకి దించారు.

సముద్రం మీద గాలిని స్కాటరోమీటరు కొలుస్తుంది. రాడార్ తరంగాలు అలల మీద పడి ఎంత వెనక్కి వస్తున్నాయో చూసి గాలి వేగం, దిశ చెబుతుంది. 2009లో ఓషన్‌శాట్-2, 2016లో స్కాట్‌శాట్-1, 2022 నవంబరులో ఈఓఎస్-06 ఈ పని కోసం శ్రీహరికోట నుంచి వెళ్ళాయి. వానను కొలిచే రాడార్‌తో మొదట అంతరిక్షంలోకి వెళ్ళింది 1997 నాటి ట్రిమ్ ఉపగ్రహం. 2014 నుంచి జీపీఎం దాని వారసత్వం కొనసాగిస్తోంది. హైదరాబాద్‌లోని భారత సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, సముద్రపు రంగు చూసి చేపలు దొరికే చోట్ల వివరాలను మత్స్యకారులకు అందిస్తుంది. ఉపగ్రహ సమాచారం వాడుకలోకి వచ్చిన తీరుకు ఇది మంచి ఉదాహరణ.

భూమి శక్తి పద్దు

సూర్యుడి వైపు తిరిగిన ప్రతి చదరపు మీటరు మీద వాతావరణం పైన పడే ఎండ 1,361 వాట్లు. ఎక్కువ కాలం పుస్తకాల్లో ఈ సంఖ్య 1,365 దగ్గర ఉండేది. 2003లో సోర్స్ ఉపగ్రహం మీద వెళ్ళిన కొత్త తరహా పరికరం దాన్ని సవరించింది. గుండ్రని భూమి మొత్తానికి, రాత్రీపగలూ కలిపి సగటు తీస్తే చదరపు మీటరుకు 340 వాట్లు. ఇందులో సుమారు 100 వాట్లు మేఘాలు, మంచు, ఇసుక, గాలి వెనక్కి తిప్పుతాయి. మిగిలిన 240 వాట్లు భూమి పీల్చుకుని, దాదాపు అంత వేడినే పరారుణంగా బయటికి పంపుతుంది. ఈ 'దాదాపు' లోనే శీతోష్ణస్థితి మార్పు అంతా ఉంది. లోపలికి వచ్చేదానికీ బయటికి పోయేదానికీ తేడా చదరపు మీటరుకు ఒక వాటు అటూ ఇటూ మాత్రమే. అయినా ఆ చిన్న మొత్తం భూమి అంతటా, ఏడాదంతా పోగవుతుంది.

1984లో ఛాలెంజర్ నుంచి విడుదలైన ఈఆర్‌బీఎస్ ఈ పద్దును శ్రద్ధగా రాసింది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలి గంధకపు పొగ ఆకాశమంతా కమ్ముకున్నప్పుడు వెనక్కి తిరిగే ఎండ పెరగడాన్ని ఇది పట్టుకుంది. తర్వాతి ఏడాది ప్రపంచ ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గింది. ఇప్పుడు ఆ పని టెర్రా, ఆక్వా, సువోమి ఎన్‌పీపీ, నోవా-20 ఉపగ్రహాల మీది సెరెస్ పరికరాలది. భారత్, ఫ్రాన్స్ కలిసి 2011 అక్టోబరు 12న పంపిన మేఘా-ట్రాపిక్స్ మీది స్కారాబ్ కూడా ఇదే జాతి. ఉష్ణమండలాన్ని రోజుకు చాలాసార్లు చూడడం కోసం దాన్ని భూమధ్యరేఖకు 20 డిగ్రీల వంపులో తిప్పారు. దాని మీది వానను కొలిచే మాడ్రాస్ పరికరం 2013లో ఆగిపోయినా, తేమను కొలిచే సఫీర్, స్కారాబ్ పనిచేశాయి.

సెరెస్ విషయంలో తరచూ దాటేసే సంగతి ఒకటుంది. దాని కొలతలను ఉన్నవి ఉన్నట్టు కలిపితే భూమి పోగేసుకుంటున్న వేడి చదరపు మీటరుకు నాలుగు వాట్లకు పైగా వస్తుంది. అది అసంభవం. పరికరాల మొత్తం దోషమే ఆ తేడాకు కారణం. అయితే దోషం ఏడాదికేడాది మారకుండా ఉంటుంది కాబట్టి మార్పును మాత్రం సెరెస్ చక్కగా చెబుతుంది. అసలు మొత్తాన్ని సముద్రం నుంచి తీసుకుంటారు. భూమి పోగేసే అదనపు వేడిలో దాదాపు 90 శాతం సముద్రంలోకే పోతుంది. ఆ వేడిని లెక్కగట్టేవి ఆర్గో తేలియంత్రాలు. ఒక్కోటీ 1,000 మీటర్ల లోతున తేలుతూ, పదిరోజులకోసారి 2,000 మీటర్ల లోతుకు దిగి, ఉష్ణోగ్రత, లవణీయత కొలుస్తూ పైకి వచ్చి ఉపగ్రహం ద్వారా వివరాలు పంపుతుంది. భారత్ వంతు యంత్రాలను ఇన్‌కాయిస్ చూసుకుంటుంది. సెరెస్, ఆర్గో కొలతలు రెండూ కలిపి చూసిన శాస్త్రవేత్తలు 2005 నుంచి 2019 మధ్య ఈ అసమతుల్యత దాదాపు రెట్టింపయిందని 2021లో ప్రకటించారు. ఒకదానికొకటి సంబంధం లేని రెండు దారుల్లో ఒకే ఫలితం రావడమే దానికి బలం.

కొలత తప్పిన సందర్భం

1978 చివరి నుంచి ధ్రువ ఉపగ్రహాల మీది మైక్రోవేవ్ సౌండర్లు వాతావరణ ఉష్ణోగ్రత కొలుస్తున్నాయి. అవి రేపటి వాతావరణం చెప్పడానికి తయారైనవి. 1990లో శాస్త్రవేత్తలు రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీ వాటి నుంచి ఏళ్ళ తరబడి ఉష్ణోగ్రత వరుస తయారు చేశారు. నేల మీద థర్మామీటర్లు వేడెక్కుతోందంటుంటే ఈ వరుసలో వేడి దాదాపు లేదు. చాలా ఏళ్ళు ఇది వాదోపవాదాలకు ఆధారమైంది. 1998లో మరో ఇద్దరు శాస్త్రవేత్తలు ఫ్రాంక్ వెంట్జ్, మథియాస్ షాబెల్ ఒక కారణం చూపారు. పలుచని గాలి రాపిడికి ఉపగ్రహాలు మెల్లగా కిందికి దిగుతున్నాయి. దిగితే చూసే కోణం మారి, వాతావరణం చల్లబడినట్టు లెక్క తేలుతుంది. 2005లో మరో లోపం బయటపడింది. ఉపగ్రహం ఒక చోటు మీదుగా వెళ్ళే సమయం ఏటా కొద్దిగా జరుగుతుంది. మధ్యాహ్నపు వేడి సాయంత్రపు వేడిగా మారితే దాన్ని సరిదిద్దాలి, కానీ చేసిన సవరణ వ్యతిరేక దిశలో ఉంది. రెండూ దిద్దాక ఉపగ్రహ వరుసలోనూ వేడి కనబడింది. ఉపగ్రహం చెప్పింది కాబట్టి నిజమే అనేవారికీ, ఉపగ్రహాలు నమ్మదగ్గవి కావు అనేవారికీ ఈ కథ ఒకేలా జవాబు చెబుతుంది.

సముద్రమట్టం, నీరు, వాయువులు

సముద్రమట్టాన్ని 1992లో వెళ్ళిన టోపెక్స్/పొసైడన్ నుంచి వరుసగా రాడార్ ఆల్టీమీటర్లు కొలుస్తున్నాయి. 1993 నుంచి ప్రపంచ సగటు సుమారు 10 సెంటీమీటర్లు పెరిగింది. భారత్, ఫ్రాన్స్ కలిసి చేసిన సరళ్ 2013 ఫిబ్రవరిలో ఈ వరుసలో చేరింది. గ్రేస్ జంట ఉపగ్రహాలది వేరే పద్ధతి. 2002లో వెళ్ళిన ఈ రెండూ 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి తిరిగాయి. కింద బరువు ఎక్కువున్న చోట ముందుదాన్ని గురుత్వాకర్షణ కాస్త ఎక్కువగా లాగుతుంది, మధ్య దూరం మారుతుంది. ఆ సూక్ష్మమైన మార్పు నుంచి భూగర్భజలం తూకం కట్టవచ్చు. రాజస్థాన్, పంజాబ్, హర్యానా ప్రాంతంలో 2002–2008 మధ్య సుమారు 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయిందని 2009లో తేలింది గ్రేస్ వల్లే. బావుల్లో కొలతలు ఎన్ని తీసినా ఇంత పెద్ద చిత్రం దొరకడం కష్టం. 2018 నుంచి గ్రేస్-ఎఫ్ఓ ఆ పని చేస్తోంది.

నాసా, ఇస్రో కలిసి 2025 జులై 30న శ్రీహరికోట నుంచి పంపిన నైసార్ రెండు రాడార్లతో, 12 మీటర్ల యాంటెన్నాతో నేలను 12 రోజులకోసారి చూసేలా తయారైంది. హిమానీనదాల కదలిక, నేల కుంగడం, అడవుల్లో జీవపదార్థం దాని లక్ష్యాలు. ఎల్-బ్యాండ్ రాడార్ నాసాది, ఎస్-బ్యాండ్ రాడార్ ఇస్రోది.

కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే ఓకో ఉపగ్రహం 2009లో ప్రయోగంలోనే పోయింది, రాకెట్ ముక్కుకవచం విడిపోలేదు. దాని జాగాలో ఓకో-2 2014 జులైలో వెళ్ళింది. గాలిలో పది లక్షల భాగాలకు 400 పైచిలుకు భాగాలున్న ఈ వాయువులో ఒక్క భాగం తేడాను పట్టాలి కాబట్టి ఈ కొలత చాలా కష్టం. మీథేన్ కాస్త నయం. 2017లో వెళ్ళిన సెంటినెల్-5పీ చమురు క్షేత్రాలు, చెత్తకుప్పల నుంచి లేచే పెద్ద మీథేన్ ధారలను విడిగా చూపగలుగుతోంది.

ఉపగ్రహ సమాచారం విద్యుత్ రంగానికీ చేరింది. 1,000 మెగావాట్ల కర్నూలు సౌరపార్కు లాంటి చోట ఒక మేఘం అడ్డుపడితే ఉత్పత్తి నిమిషాల్లో పడిపోతుంది, గ్రిడ్ నడిపేవారు ఆ లోటును మరో చోటి నుంచి పూరించాలి. భూస్థిర ఉపగ్రహ చిత్రాల్లో మేఘాల కదలికను ముందుకు పొడిగించి, రాబోయే కొద్ది గంటల్లో నేల మీద ఎంత ఎండ పడుతుందో లెక్కిస్తారు. ఇన్సాట్-3డీ సమాచారం నుంచి కూడా నేల మీద పడే ఎండ పటాలు తయారవుతున్నాయి.

కొనసాగింపు సమస్య

శీతోష్ణస్థితి కొలతలకు అసలు ముప్పు వరుస తెగిపోవడం. పాత పరికరం ఆగిపోకముందే కొత్తది వెళ్ళి, రెండూ కొంతకాలం ఒకే దాన్ని కొలిస్తేనే వాటి మధ్య తేడా తెలుస్తుంది. 1986 ఛాలెంజర్ ప్రమాదంతో ప్రయోగాలు వాయిదా పడ్డాయి. సూర్యుడి శక్తిని కొలిచే యాక్రిమ్ పరికరాల్లో మొదటిది 1989లో ఆగేసరికి రెండోది అందలేదు, అది 1991లో గానీ వెళ్ళలేదు. ఆ రెండేళ్ళ ఖాళీని తక్కువ కచ్చితత్వం ఉన్న ఇతర పరికరాలతో పూరించారు. ఎలా పూరించాలన్న దాని మీద రెండు వర్గాలు ఏర్పడి, సూర్యుడి వెలుగు ఆ కాలంలో పెరిగిందా లేదా అన్న వాదన ఏళ్ళ తరబడి సాగింది. టెర్రా, ఆక్వా ఉపగ్రహాల ఇంధనం తగ్గి కక్ష్యలు జరుగుతుండగా, సెరెస్ వరుసను కొనసాగించడానికి లిబెరా అనే పరికరాన్ని రాబోయే అమెరికా ధ్రువ ఉపగ్రహం కోసం తయారు చేస్తున్నారు.